మీ ప్రశ్న - మా జవాబు: సగం ధరకు వచ్చే యూసీ వెనక ఎవరి డబ్బుంది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ ఆడతాడు. టెలిగ్రామ్‌లో ఎవరో సగం ధరకే యూసీ (ఆ గేమ్‌లో వాడే డబ్బు) ఇస్తున్నారని నా ఫోన్‌లోంచి యూపీఐ చేశాడు. యూసీ వెంటనే పడింది. గన్ స్కిన్‌లూ (తుపాకులకు వేసే రంగుల డిజైన్లు) అవీ కొనుక్కున్నాడు. నెలన్నరకి బ్యాలెన్స్ మైనస్‌లోకి పోయింది, ఆ తర్వాత వాడి గేమ్ ఖాతా, అంటే ఐడీ, బ్యాన్ అయింది. డబ్బు కట్టే కొన్నాం కదా, మాకెందుకీ శిక్ష? - కె. వి., ఖమ్మం

జవాబు: మీరు డబ్బు కట్టింది అమ్మినవాడికి. గేమ్ కంపెనీకి చేరిన డబ్బు వేరొకరిది. అది వెనక్కి పోయింది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ప్లే స్టోర్‌లో, యాప్ స్టోర్‌లో కొన్న యూసీ ప్యాక్ ధరలో 30 శాతం దాకా స్టోర్ కమిషన్ కింద పోవచ్చు. కంపెనీ తన సొంత సైట్‌లో అమ్మితే ఆ కమిషన్‌లో కొంత మిగులుతుంది కాబట్టి పైన కాస్త బోనస్ ఇవ్వగలదు. నిజాయితీగా ఇచ్చే తగ్గింపు ఆ హద్దు దాటడం కష్టం. సగానికి సగం తగ్గించి, అదీ ఏడాది పొడుగునా ఇస్తున్నాడంటే మిగతా సగం ఎవరి నెత్తినో పడుతోందన్నమాట.

ఎక్కువగా జరిగేది ఇది. దొంగిలించిన క్రెడిట్ కార్డు వివరాలతో అమ్మకందారు మీ అబ్బాయి ఐడీకి ప్యాక్ కొంటాడు. మీరు యూపీఐలో పంపింది మాత్రం వాడి చేతికి మచ్చలేని డబ్బుగా వస్తుంది. కొన్నాళ్లకు కార్డు అసలు యజమాని స్టేట్‌మెంట్ చూసుకుని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల ప్రకారం ఇలాంటి అభ్యంతరానికి సాధారణంగా 120 రోజుల దాకా గడువుంటుంది. బ్యాంకు సొమ్ము వెనక్కి లాగుతుంది, కబురు స్టోర్ ద్వారా గేమ్ కంపెనీకి చేరుతుంది, కంపెనీ ఆ యూసీని ఐడీలోంచి తీసేస్తుంది. అప్పటికే ఖర్చుపెట్టేసి ఉంటే లెక్క మైనస్‌లోకి దిగుతుంది. కాబట్టి మీకు పట్టిన నెలన్నర మామూలే. రెండో దారిలో అమ్మినవాడే తను కొన్న ప్యాక్‌కు స్టోర్ దగ్గర రీఫండ్ పెట్టి తీసేసుకుంటాడు. ఎలా జరిగినా కంపెనీకి దొరికేది మీ ఐడీ ఒక్కటే. అమ్మినవాడి టెలిగ్రామ్ చానెల్ ఈపాటికి పేరు మార్చేసుకుని ఉంటుంది.

ఆ చానెళ్లలో 'వచ్చేసింది బ్రో' అంటూ కనిపించే స్క్రీన్‌షాట్లను చాలామంది నమ్ముతారు. అవన్నీ యూసీ పడిన రోజున తీసినవి. రెండు నెలల తర్వాత ఐడీ ఎలా ఉందో చూపే స్క్రీన్‌షాట్ ఎవరూ పెట్టరు.

ఇదేదో మన దగ్గరే పుట్టిన బెడద కాదు. కౌంటర్ స్ట్రైక్ గేమ్‌లో పెట్టెలు తెరిచే తాళంచెవులను ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునేవారు. 2019 అక్టోబరులో ఆ గేమ్ తయారుచేసే వాల్వ్ కంపెనీ కొత్తగా కొనే తాళంచెవులకు ఆ వీలు ఆపేసింది. అలా చేతులు మారే వాటిలో దాదాపు అన్నీ మోసపు డబ్బుతో కొన్నవేనని తాము నమ్ముతున్నామని ప్రకటించింది.

ఇప్పుడు చేయగలిగింది: గేమ్‌లోని కస్టమర్ సర్వీస్‌కు జరిగింది జరిగినట్టు రాయండి. ప్లేయర్ ఐడీ, కొన్న తేదీ, యూపీఐ రసీదు, చానెల్ స్క్రీన్‌షాట్లు జతచేయండి. మైనస్ అయిన యూసీని అధికారికంగా కొని పూడ్చమని వాళ్లు మిమ్మల్ని అడగవచ్చు. అలా పూడ్చినా ఐడీ తిరిగి వస్తుందన్న హామీ లేదు, కాబట్టి ముందు వాళ్ల జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ మైనస్ పూడ్చడానికి ఇంకో చౌక అమ్మకందారు దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. 'అన్‌బ్యాన్ చేయిస్తాం' అని డబ్బు అడిగేవాళ్లు మళ్లీ అదే బాపతు.

ప్రశ్న: ఫ్రీ ఫైర్ మ్యాక్స్ గేమ్‌లో డబ్బులా వాడే డైమండ్స్ కోసం 'లాగిన్ టాప్‌అప్' (మీ ఖాతాలోకి వచ్చి మేమే వేస్తాం) అంటూ ఫేస్‌బుక్ పాస్‌వర్డ్, రికవరీ కోడ్‌లు అడిగారు. ఇచ్చేశాను. ఇప్పుడెలా? - ఎస్., ఒంగోలు

జవాబు: ముందు ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మార్చండి, మిగతాది తర్వాత చదవండి.

మార్చారా? ఇప్పుడు సెట్టింగ్స్‌లో ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి, మీ ఫోన్ తప్ప అన్నిటినీ లాగౌట్ చేయండి. రికవరీ కోడ్‌లు అంటే ఎనిమిది అంకెల సంఖ్యలు. ఫోన్‌కు వచ్చే ఓటీపీ లేకుండానే అవి లోపలికి పంపిస్తాయి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత కోడ్‌లు పోయాయని అనుకోవద్దు. రెండంచెల భద్రత పేజీలోకి వెళ్లి కొత్త కోడ్‌లు తీసుకుంటేనే పాతవి చెల్లకుండా పోతాయి. మీకు తెలియని ఈమెయిల్, ఫోన్ నంబరు అక్కడ చేరి ఉంటే తీసేయండి. అదే పాస్‌వర్డ్ జీమెయిల్‌కూ వాడుతుంటే అక్కడా మార్చాలి.

అసలు ఫ్రీ ఫైర్ డైమండ్స్ వేయడానికి ప్లేయర్ ఐడీ ఒక్కటి చాలు. అధికారిక టాప్‌అప్ పేజీ అడిగేది కూడా అదే. మీ పాస్‌వర్డ్ అడిగాడంటే వాడు మీ ఐడీలో కూర్చుని చేయాల్సిన పనేదో ఉందని అర్థం. ఇవాళ డైమండ్స్ వేసి, మీరు లెవెల్ పెంచాక ఆరు నెలలకు ఐడీ ఎత్తుకుపోయినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: మా పాప రోబ్లాక్స్ ఆడుతుంది. ఆ గేమ్‌లో వాడే డబ్బు రోబక్స్‌ను బయట చౌకగా అమ్మేవాళ్లు పాస్‌వర్డ్ అడగలేదు, 'గేమ్‌పాస్ పెట్టు, మేం కొంటాం' అంటున్నారు. ఇది సురక్షితమేనా? - ఆర్. ఎల్., హైదరాబాద్

జవాబు: పాస్‌వర్డ్ వరకు సురక్షితం, రోబక్స్ వరకు కాదు. గేమ్‌పాస్ అంటే పాప తన పేరిట అమ్మకానికి పెట్టే పాస్, దాన్ని వాళ్లు రోబక్స్‌తో కొంటారు. ఆ అమ్మకంలో రోబ్లాక్స్ 30 శాతం తీసుకుంటుంది. పాపకు 1,000 రోబక్స్ అందాలంటే పాస్ ధర 1,429 పెట్టాలి. అంటే అమ్మేవాడు 429 వదులుకుని కూడా అధికారిక ధర కంటే తక్కువకు ఇస్తున్నాడు! ఆ రోబక్స్ దొంగ కార్డుతో కొన్నవో, హ్యాక్ చేసిన వేరే పిల్లల ఖాతాల్లోంచి లాగినవో అయ్యే అవకాశమే ఎక్కువ. రోబ్లాక్స్ వాటిని వెనక్కి తీసుకోవచ్చు, ఖాతాపై చర్య కూడా తీసుకోవచ్చు, ఎందుకంటే బయట డబ్బుకు రోబక్స్ కొనడం, అమ్మడం వాళ్ల నియమాలకు విరుద్ధం. అధికారిక గిఫ్ట్ కార్డు కొనివ్వండి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా బావగారు మా వాడి పుట్టినరోజుకు గూగుల్ ప్లే గిఫ్ట్ కార్డు కోడ్ పంపారు. ఇక్కడ పనిచేయడం లేదు. మోసపోయారా? - పి., భీమవరం

జవాబు: లేదు. ఆ కార్డులు ఏ దేశంలో కొంటే ఆ దేశపు ఖాతాలోనే చెల్లుతాయి. బావగారే తన ఫోన్‌లో వాడుకోవచ్చు. ఆ కోడ్‌ను ఇక్కడ 'మార్చి ఇస్తాం' అనేవాళ్లకు చూపించకండి. కోడ్ చూసినవాడు వాడేసుకుంటాడు.

ప్రశ్న: డైమండ్స్ కోసం టెలిగ్రామ్ అమ్మకందారుకు రూ. 1,900 కట్టాను. ఆ తర్వాత జీఎస్టీ అని రూ. 340, తిరిగిచ్చే డిపాజిట్ అని రూ. 1,000 అడిగి బ్లాక్ చేశారు. డైమండ్స్ రాలేదు. పోలీసులకు చెబితే నవ్వుతారేమో. - డి., అనంతపురం

జవాబు: నవ్వరు, చెప్పండి. ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మోసం జరిగిన తొలి గంటల్లో చేస్తే, డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే ఆపే వీలుంటుంది. రోజులు గడిస్తే అది నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది. ప్రతి చెల్లింపుకూ యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు, మీరు ఎవరికి పంపారో వాళ్ల యూపీఐ ఐడీ, సమయం దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయండి. చాట్‌ను డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్‌లో చానెల్ పేరుతో పాటు దాని లింకు కూడా కనబడాలి, ఎందుకంటే పేరు మార్చేస్తారు.

మీ బ్యాంకుకూ చెప్పండి. అయితే ఒక సంగతి: మనకు తెలియకుండా జరిగిన లావాదేవీని మూడు పనిదినాల్లోగా చెబితే మన బాధ్యత ఉండదన్న రిజర్వ్ బ్యాంకు 2017 నియమం ఇక్కడ అక్కరకు రాకపోవచ్చు. పిన్ కొట్టి పంపింది మీరే కాబట్టి బ్యాంకు దాన్ని మీ అనుమతితో జరిగిన చెల్లింపుగానే చూస్తుంది. అందుకే 1930 ఫోన్ ఆలస్యం కాకూడదు.

ప్రశ్న: గేమ్ మానేస్తున్నాను. ఐడీ అమ్మితే రూ. 6,000 ఇస్తామంటున్నారు. అమ్మేవాడికి ఏం నష్టం? - ఎం., వరంగల్

జవాబు: ఐడీ అమ్మకం దాదాపు అన్ని గేముల్లోనూ నిషిద్ధం, అది సరే. మీ బ్యాంకు ఖాతా సంగతి చూడండి. ఆ రూ. 6,000 ఇంకొకరిని మోసం చేసి తెచ్చిందైతే, వాళ్లు ఫిర్యాదు చేసిన రోజున డబ్బు వెళ్లిన దారిలో మీ ఖాతా కనబడుతుంది. ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నీ ఆపేస్తారు. ఫిర్యాదు నమోదైన ఊరు ఏ రాజస్థాన్‌లోనో ఉంటే, అక్కడి పోలీస్ స్టేషన్‌కు వివరణ ఇచ్చుకుని విడిపించుకోవాలి. మీ జీతమో, స్కాలర్‌షిప్పో పడే ఖాతా అయితే అన్నాళ్లూ అదీ అందదు. ఐడీ అలాగే వదిలేసి, దానికి జోడించిన కార్డులు తీసేయండి.