కౌలు మీద పీహెచ్‌డీకి రిటైరైన ఎకనామిక్స్ ప్రొఫెసర్ గైడ్‌గా ఉండొచ్చా? ఆయన దేని మీద పనిచేశారో ఎలా తెలుస్తుంది?

ముందు నిబంధన సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం రిటైర్‌మెంట్‌కి మూడేళ్ల లోపే సర్వీసు మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అప్పటికే రిజిస్టరైన వాళ్లకు మాత్రం రిటైరయ్యాక కో-సూపర్‌వైజర్‌గా కొనసాగొచ్చు, అదీ 70 ఏళ్లు నిండేదాకానే. కాబట్టి కొత్తగా చేరే మీకు సర్వీసులో ఉన్న గైడే కావాలి. రిటైరైనవారి దగ్గర అడగాల్సింది సంతకం కాదు, పాత సర్వే సమాచారం.

ఇక ఆసక్తి సంగతి. డిపార్ట్‌మెంట్ పేజీలో 'వ్యవసాయ ఆర్థికశాస్త్రం, గ్రామీణాభివృద్ధి' అని రాసి ఉంటే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం, సగం మందికి అదే ఉంటుంది. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ సైట్‌లో గైడ్ పేరుతో వెతకండి. ఇనీషియల్స్ ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, ఇంటిపేరు పూర్తిగా రాసి మరోసారి; లేకపోతే సగం థీసిస్‌లు దొరకవు. దొరికినవాటిలో మెథడాలజీ చాప్టర్ చదవండి. ఊళ్లు తిరిగి చేయించారా, ప్రభుత్వ జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) పట్టికలతో సరిపెట్టారా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఎకనామిక్స్ వ్యాసాల జాబితా ఉండే ఐడియాస్ (IDEAS) సైట్‌లో ప్రొఫైల్ లేదని ఆయన ఏమీ రాయలేదనుకోకండి: అక్కడ రచయితే స్వయంగా నమోదు కావాలి, పాతతరం వాళ్లు చాలామంది కాలేదు. వ్యాసాలు వెతికేటప్పుడు ఎకనామిక్స్ వ్యాసాలను విషయాలవారీగా విడదీసే జెఈఎల్ (JEL) కోడ్‌లు క్యూ15 (భూ యాజమాన్యం, కౌలు), జె43 (వ్యవసాయ కూలీ) పనికొస్తాయి.

పాత సర్వే విలువ ఎంతంటారా? మద్రాసు యూనివర్సిటీ ఎకనామిక్స్ ప్రొఫెసర్ గిల్బర్ట్ స్లేటర్ 1916లో విద్యార్థులతో చేయించిన గ్రామ సర్వేల్లోని ఊళ్లకు 1936-37లో వేరే పరిశోధకులు మళ్లీ వెళ్లారు, ఆ తర్వాతా వెళ్లారు. మన ఉమ్మడి పాలమూరులో ఔరేపల్లి, డోకూరు ఊళ్లలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో సర్వేకి ఊరికి 40 కుటుంబాలను తీసుకుంది: 30 సాగుదార్లు, 10 కూలీలు. రెండోసారి వెళ్లడం కుదరాలంటే మొదటిసారి రాసినది ఎవరో ఒకరు దాచి ఉండాలి.

అందుకే ఆయన్ని మూడు అడగండి: ఇళ్ల జాబితా, ఖాళీ ప్రశ్నావళి, కోడ్ పుస్తకం. కోడ్ పుస్తకం లేకపోతే కాలమ్‌లో '3' అంటే సొంత సాగా, కౌలా ఎవరికీ తెలీదు. ఇళ్ల జాబితా లేకపోతే, వేరుపడిన అన్నదమ్ముల్లో పాత కుటుంబం ఎవరిదో తేలదు. బస్తా అంటే ఎన్ని కిలోలో కూడా అప్పుడే అడిగి రాసుకోండి. 75 అని అలవాటుగా వేసేస్తే, వేరే తూకం ఉన్న ఊళ్లో కౌలు లెక్కంతా తప్పుతుంది.

ఆ ప్రశ్నావళిని మీరు మళ్లీ వాడేటప్పుడు ఒక్క మార్పు తప్పనిసరి. 'మీరు కౌలు రైతా?' అని అడిగితే భూమి యజమానికి ఇబ్బందని చాలామంది కాదంటారు. మడి మడికీ అడగాలి: ఇది ఎవరి పేరున ఉంది, పంట ఎవరు వేశారు, కౌలు బస్తాల్లోనా డబ్బుల్లోనా, ముందే కట్టారా పంటకా.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. ఆయన థీసిస్‌లలో ఏది చదివారో, అందులో ఏ పట్టిక మీకు కావాలో రాయండి. అరవై పేజీల సినాప్సిస్ పంపితే తెరిచి చూడరు.