కుంటను ఎండనివ్వండి

బిడ్డా,

ఊరి పిల్లలంతా కలిసి అడవి అంచున ఉన్న కుంటను కాపాడుకుంటామని రాశావు, చదివి కడుపు నిండింది. పూడిక తీయడానికి జేసీబీ కోసం చందాలు పోగుచేస్తున్నామన్నావు చూడు, అక్కడ మాత్రం గుండె జారింది. ఆ పని ఆపండి.

నల్లమలలో అచ్చంపేట, అమ్రాబాద్ వైపు అడవి కుంటలు మృగశిర తర్వాత నిండుతాయి, ఎండాకాలానికి నెర్రెలు బారతాయి. ఎండడం కుంటకు రోగమని నేనూ అనుకునేవాణ్ణి. మా కుంటను నడుంలోతు తవ్వించి, కట్ట పెంచి, చేపపిల్లలు వదిలించిన వాళ్లలో నేనే ముందున్నా. వేసవిలోనూ నీళ్లు నిలిచాయని సంబరపడ్డాం. మూడేళ్లు తిరిగేసరికి, తొలివాన రాత్రి నిద్రపోనివ్వని కప్పల మోత నాలుగైదు గొంతులకు వచ్చింది. అరుగు మీద కూర్చుని ఎంతసేపు చెవి పెట్టినా అంతే. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సంగతేమిటంటే, కుంట ఏటా ఎండితే అందులో చేపలు నిలవవు. చేపలు లేని చోటే కప్ప గుడ్లు, తోకకప్పలు ఎక్కువగా బతికి బట్టకడతాయి. కుంట ఎండేలోపే వాటికి కాళ్లొచ్చి గట్టెక్కుతాయి. అందుకే చేపపిల్లలు ఎవరు ఉచితంగా ఇచ్చినా అడవి కుంటలో వద్దు. అవి ఊరి చెరువులోకి పోనీ.

దోమలొస్తాయని ఊళ్లో టెన్షన్ పడతారు, మందు కొట్టమంటారు. ఒప్పుకోకండి. బోదురు కప్ప తోకపిల్లలు, తూనీగ పిల్లలు దోమపిల్లల్ని తింటాయి. మందు కొడితే ముందు పోయేది అవే. 1987లో మన దేశం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది. పొలంలో పురుగుల్ని తినే కప్ప విలువ తెలిసే కదా.

కుంట ఒక్కటే చాలదు. చుట్టూ రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టనివ్వకండి. మిగతా ఏడాదంతా కప్పలు ఉండేది ఆ ఆకుల కింద, మట్టి లోపలే. తొలివాన రాత్రి అవి దారి దాటుతాయి, ఆ ఒక్క రాత్రి ట్రాక్టర్లు, బైకులు ఆపగలిగితే ఎన్నో బతుకుతాయి.

కాగితం పని కూడా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. మీ దగ్గర అది పేరుకే ఉంటే గ్రామసభలో లేవనెత్తండి, కుంట పేరు ఆ కమిటీ రాసే జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఎక్కించండి. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ అడవిని, వన్యప్రాణుల్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది. టైగర్ రిజర్వ్ లోపలి కుంటలకైతే అటవీ శాఖ అనుమతి లేకుండా పోవద్దు. పెంటల్లోని, అంటే అడవిలోని చెంచు గూడేల్లోని, పెద్దల్ని మాత్రం తప్పకుండా అడగండి. ఏ కుంటకు ఎప్పుడు ఏ జంతువు దిగుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఏటా రాసిపెట్టండి: నీళ్లు వచ్చిన రోజు, కప్పలు అరిచిన మొదటి రాత్రి, ఎండిన రోజు. ఎండేటప్పుడు బురద చూడు బిడ్డా. దుప్పి గిట్టలు, నెమలి కాళ్లు, ఎలుగుబంటి అరికాలు అచ్చుపోసినట్టు ఉంటాయి.

వానలు మొదలవగానే ఫోన్ చెయ్యి, వస్తా. గట్టు మీద దూరంగా కూర్చుందాం. టార్చి ఒక్కసారి వేస్తే చాలు, పసుపు పూసుకున్న పెండ్లికొడుకుల్లా మగ బోదురు కప్పలు, చెంపల దగ్గర నీలి బుడగలు ఉబ్బించుకుని అరుస్తుంటాయి. చిన్నప్పుడు రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి అని ఇల్లిల్లూ తిరిగి వాన అడిగినవాణ్ణి. ఆ కప్పల్ని నీ పక్కన కూర్చుని చూడాలని ఉంది.

మీ పెద్దనాయన