యూరప్‌లో ఒక దేశంలో మాస్టర్స్‌లో చేరి, ఆ క్రెడిట్లతో ఇంకో దేశానికి మారొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నారు, జర్మనీకి మార్కులు సరిపోయేలా లేవు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ వాళ్లేమో "బొలోనా ఒప్పందం వల్ల యూరప్ అంతా ఒకటే సిస్టమ్, ముందు వీసా ఈజీగా వచ్చే దేశంలో ఏదో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో చేరండి, ఒక సెమిస్టర్ అయ్యాక ఆ 30 క్రెడిట్లతో జర్మనీకి ట్రాన్స్‌ఫర్ అయిపోవచ్చు" అన్నారు. నిజమేనా అని అడుగుతున్నారు.

కాదు. వాళ్లు చెప్పిన ముక్కలు విడివిడిగా చూస్తే పెద్దగా అబద్ధాలేం కావు, అందుకే నమ్మబుద్ధేస్తుంది. వాటిని కలిపి అల్లిన కథే అబద్ధం.

నా సంగతి చెప్తా. ఖమ్మం పక్కన ఒక జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ చేసి 2016లో జర్మనీ వచ్చాను. మూడో సెమిస్టర్‌కి ఎరాస్మస్ కింద (యూరప్ యూనివర్సిటీల మధ్య విద్యార్థులు మారి చదువుకునే ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్) ఫిన్లాండ్ వెళ్లొచ్చాను, తిరిగొచ్చాక క్రెడిట్ల దగ్గర ఇరుక్కుని రెండేళ్ల కోర్సు రెండున్నరేళ్లు చదివాను. కాబట్టి ఇది నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్న విషయం.

ముందు బొలోనా అంటే ఏంటో చూడండి. 1999 జూన్ 19న ఇటలీలోని బొలోనాలో 29 దేశాల తరఫున విద్యామంత్రులు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. అంతకు ఏడాది ముందే ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్ సోర్బోన్‌లో ఇలాంటిదే ఒకటి అనుకున్నాయి. ఇప్పుడు ఇందులో 49 దేశాలున్నాయి. అంతకు ముందు జర్మనీలో ఇంజినీరింగ్ అంటే ఐదేళ్ల డిప్లోమ్, ఇటలీలో ఇంకోటి, ఫ్రాన్స్‌లో ఇంకోటి, ఎవరి గోల వాళ్లది. అందరూ బ్యాచిలర్, మాస్టర్, పీహెచ్‌డీ అనే మూడు మెట్లకి రావాలని, చదువుని ఒకే క్రెడిట్లలో లెక్కపెట్టాలని అనుకున్నారు. ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. ఈ క్రెడిట్ల లెక్క బొలోనా కన్నా పాతది, 1987లో ఎరాస్మస్ మొదలయ్యాక ఆ పిల్లల కోసం 1989లో పెట్టుకున్నారు.

అసలు మెలిక ఇక్కడుంది. క్రెడిట్ చెప్పేది బరువు మాత్రమే. కిలో బియ్యం, కిలో కందిపప్పు తూకం ఒకటే, అంతమాత్రాన బియ్యం లేనప్పుడు పప్పుతో అన్నం వండలేం కదా. మీ 30 క్రెడిట్లలో ఏమున్నాయో చూసి, తమ కోర్సులో దేని బదులు పనికొస్తాయో తేల్చేది చేరబోయే యూనివర్సిటీ పరీక్షల కమిటీ. పైగా బొలోనా అనేది ప్రభుత్వాల మధ్య మాట, "నా క్రెడిట్లు తీసుకోండి" అని మీరు కాగితం చూపించి అడిగే చట్టం కాదు.

ఇక నా ఫిన్లాండ్ ముచ్చట. మా డిపార్ట్‌మెంట్‌లో ఎలెక్టివ్‌లన్నీ ఒక్కోటి 6 క్రెడిట్లు, అలాంటివి నాలుగు, మొత్తం 24 కావాలి. ఫిన్లాండ్‌లో ఎక్కువ కోర్సులు 5 క్రెడిట్లవి. అయిదు కోర్సులు తీసుకుంటే 25 వస్తాయి, 24కి ఒకటి ఎక్కువే కదా అని లెక్కేసుకుని లెర్నింగ్ అగ్రిమెంట్ (అక్కడ ఏ కోర్సులు చేస్తానో, ఇక్కడ దేని బదులు లెక్కేస్తారో ముందే రాసుకునే కాగితం) మీద మూడు సంతకాలు చేయించుకున్నా: నాది, ఇక్కడి కోఆర్డినేటర్‌ది, అక్కడి వాళ్లది. ఆగస్టు చివర్లో వెళ్లా. జర్మనీలో ఎండాకాలం సెమిస్టర్ పరీక్షలు సెప్టెంబర్ దాకా సాగుతాయి, ఫిన్లాండ్‌లో అప్పటికే క్లాసులు మొదలైపోతాయి. ఒక పరీక్ష రాయడానికి మళ్లీ టికెట్ కొనుక్కుని వెనక్కి రావాల్సొచ్చింది. ఉమ్మడి వ్యవస్థ అంటారు గానీ క్యాలెండర్ మాత్రం ఎవరిది వాళ్లదే.

వెళ్లిన రెండో వారంలో ఒక కోర్సు జనం చాలక రద్దయింది. అక్కడి మేడమ్ చాలా మంచావిడ, "నో ప్రాబ్లమ్, ఇది తీసుకో" అని ఇంకో కోర్సులో వేసేసింది. నేనూ సరే అన్నా. ఆ మార్పు కాగితం మీద ఎక్కించి జర్మనీ నుంచి మళ్లీ సంతకం తెప్పించుకోవాలని తెలుసు. ఈమెయిల్ కూడా రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నా. పంపలేదు. చీకటి పడితే ఏ పనీ చెయ్యబుద్ధి కాదు, అక్కడ నవంబర్లో మూడున్నరకే చీకటి పడేది. యూనివర్సిటీ క్యాంటీన్‌లో మూడు యూరోల లోపు సాల్మన్ సూప్, రై బ్రెడ్, సలాడ్ ఇచ్చేవాళ్లు, వాళ్ల ప్రభుత్వం విద్యార్థుల భోజనానికి సబ్సిడీ ఇస్తుంది, బయటి నుంచి ఎక్స్చేంజ్‌కి వచ్చిన మాకూ వర్తించేది. ఆ సూప్ తాగి రూమ్‌కి పోయి పడుకోవడమే. తప్పు నాదే.

ఒక నవ్వొచ్చే విషయం. ఒక సబ్జెక్టులో 5 వచ్చిందని సంబరంగా జర్మన్ ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టా. వాడు "బాధపడకు, మళ్లీ రాయొచ్చు" అన్నాడు. ఫిన్లాండ్‌లో 5 అంటే టాప్, జర్మనీలో 1.0 టాప్, 5.0 అంటే ఫెయిల్. ఇన్నేళ్ల సంస్కరణ తర్వాత కూడా మార్కుల స్కేలు ఒక్కటి కాలేదు.

తిరిగొచ్చాక కమిటీకి కాగితాలిచ్చా. సంతకాలున్న నాలుగు కోర్సులు ఒప్పుకున్నారు, 20 క్రెడిట్లు. అయిదోది నేను మొదటి సెమిస్టర్‌లో పాసైన సబ్జెక్టు లాంటిదే అని కొట్టేశారు. ముందే అడిగి ఉంటే ఆ మాట అప్పుడే చెప్పేవాళ్లు, నేను ఇంకోటి తీసుకునేవాణ్ణి. నాలుగు క్రెడిట్లు తక్కువ. నాలుగు క్రెడిట్ల కోర్సు మా దగ్గర ఉండదు, ఆరుదే తీసుకోవాలి, మిగిలినవాటిలో నాకు పనికొచ్చేది చలికాలం సెమిస్టర్‌లోనే పెడతారు. థీసిస్ 2018 సెప్టెంబర్‌కే అయిపోయినా ఆ ఒక్క పరీక్ష కోసం 2019 ఫిబ్రవరి దాకా స్టూడెంట్‌గానే ఉన్నా. సెమిస్టర్ ఫీజు చిన్నదే, కానీ ఆరు నెలల అద్దె, ఇన్సూరెన్స్, ఇంట్లో "ఇంకా అవలేదా నాన్నా" అనే ఫోన్లు... సరే వదిలేయండి.

ఇప్పుడు ఆలోచించండి. రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉండి, మూడు సంతకాలున్న నా పరిస్థితే ఇది. మీకు ఏ ఒప్పందమూ లేదు. మీరు "ట్రాన్స్‌ఫర్" అనుకుంటున్నది జర్మనీలో మళ్లీ మొదటినుంచీ అప్లై చెయ్యడమే. ముందు మీ బీటెక్ మార్కులతో అడ్మిషన్ రావాలి, ఆ మార్కులే కదా ఇప్పుడు అడ్డం. అది వచ్చాక పాత క్రెడిట్లలో ఏవి తీసుకుంటారో కమిటీ చూస్తుంది.

వీసా సంగతి ఇంకోటి. విద్యార్థులు రెండో దేశంలో 360 రోజుల దాకా చదువుకునేలా యూరోపియన్ యూనియన్ 2016లో ఒక డైరెక్టివ్ తెచ్చింది నిజమే, కానీ అది ఎరాస్మస్ లాంటి ప్రోగ్రామ్ కిందో యూనివర్సిటీల మధ్య ఒప్పందం కిందో వెళ్లేవాళ్లకి. సొంతంగా మారాలనుకుంటే జర్మనీకి కొత్తగా నేషనల్ వీసా, కొత్తగా బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చులకి ముందే డబ్బు వేసి చూపించాల్సిన ఖాతా, 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు), అన్నీ మళ్లీ మొదలు. ఈలోపు ఆ ప్రైవేట్ యూనివర్సిటీకి కట్టిన ఫీజు పోయినట్టే. కన్సల్టెన్సీకి కమీషన్ ఎటునుంచి వస్తుందో నేను చెప్పక్కర్లేదు.

మార్కులు తక్కువ అన్నారు కాబట్టి ఒక లెక్క చెప్తా, ఇది మీరే ఇప్పుడు కాగితం మీద వేసుకోవచ్చు. జర్మనీలో మన మార్కుల్ని మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములాతో మారుస్తారు: గరిష్ఠ మార్కులోంచి మీది తీసెయ్యండి, దాన్ని మూడుతో గుణించండి, గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించండి, ఒకటి కలపండి. నాకు 71 శాతం, పాస్ మార్కు 40, కాబట్టి 29 ఇంటూ 3 బై 60, ప్లస్ ఒకటి, 2.45 వచ్చింది. చాలా కోర్సులు అడిగే 2.5 లోపల పడ్డా. మా బాబాయి కొడుక్కి సీజీపీఏ 7.1, వాళ్ల స్కేల్లో పాస్ గ్రేడ్ పాయింట్ 5, అంటే 2.9 ఇంటూ 3 బై 5, ప్లస్ ఒకటి, 2.74. చూడ్డానికి ఇద్దరివీ ఒకలాంటి మార్కులే, వాడు గీత బయట ఉన్నాడు. మీ సీజీపీఏకి శాతంలో మార్కులు కూడా ఉంటే యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ నుంచి కన్వర్షన్ లెటర్ అడగండి. అది తీసుకుంటారా లేదా అనేది ఒక్కో యూనివర్సిటీ ఇష్టం, అడిగి చూడ్డంలో తప్పులేదు. 2.5 దాటినా తీసుకునే కోర్సులూ ఉన్నాయి, పేరున్న నాలుగైదు యూనివర్సిటీల దగ్గరే ఆగిపోకండి. మన డిగ్రీ కాగితాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబర్ నుంచి తప్పనిసరి, దానికి టైమ్ పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.

రెండు మూడు దేశాల్లో చదవాలన్నదే మీ కోరికైతే దానికి సరైన దారి ఎరాస్మస్ ముండుస్, అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే మాస్టర్స్. 2004 నుంచి ఉంది. కనీసం రెండు దేశాల్లో చదవాలి, ఎక్కడ ఏ క్రెడిట్లు చెయ్యాలో వాళ్లే ముందు కలిసి కూర్చుని తేల్చి పెడతారు, నాలాగా మధ్యలో వేలాడే పని ఉండదు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. పోటీ గట్టిగా ఉంటుంది. ఫైనలియర్‌లో ఉండగానే అప్లై చెయ్యొచ్చు, అక్టోబర్ నుంచి జనవరి మధ్యలో చాలావాటికి గడువులుంటాయి.

ఇదంతా చదివి బొలోనా దండగ అనుకోకండి. మా ల్యాబ్‌లో పాతకాలపు డిప్లోమ్ ఇంజినీరు ఒకాయన ఉండేవాడు, బ్యాచిలర్ అనే మాట వింటేనే ముఖం చిట్లించేవాడు, సగం వండిన చదువు అనేవాడు. 2009లో ఇక్కడి స్టూడెంట్లే సిలబస్ కుక్కేశారని యూనివర్సిటీ హాళ్లు ఆక్రమించి గొడవ చేశారు, అందులో కొంత న్యాయం ఉందనే నా అభిప్రాయం. కానీ ఇంగ్లిష్‌లో రెండేళ్ల మాస్టర్స్ అనేది ఇన్ని జర్మన్ యూనివర్సిటీల్లో దొరకడం, డిగ్రీతోపాటు ఏం చదివానో వివరంగా రాసిన డిప్లొమా సప్లిమెంట్ అడక్కుండానే చేతికివ్వడం ఈ మార్పుల పుణ్యమే. ఉద్యోగానికి డచ్ కంపెనీకి అప్లై చేసినప్పుడు నా డిగ్రీ ఏంటని ఎవరూ అడగలేదు. పాత డిప్లోమ్ రోజులైతే నాలాంటోడు జర్మన్‌లో ఐదేళ్లు చదవాల్సొచ్చేది, ఇటు వచ్చేవాణ్ణే కాదు.

చివరగా, మీరు ఎక్కడికెళ్లినా బీటెక్ సిలబస్ మొత్తం ప్రింట్ తీసి, కాలేజీ స్టాంప్ వేయించి, సీఎంఎంతో (అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకేచోట ఉండే మెమో) పాటు రెండు సెట్లు తెచ్చుకోండి. నేను ఒక్కటే తెచ్చుకున్నా. యూనివర్సిటీ ఆఫీసులో ఇచ్చా, అది ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉంది.