డిస్టిల్డ్ వాటర్‌లో 95 శాతం పోయిన సిప్రోఫ్లోక్సాసిన్ చెరువు నీళ్లలో ఎందుకు పోవడం లేదు?

వెలుతురు పడితే నీళ్లలోని మందును విరగ్గొట్టే గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ పౌడర్ వేసి ఎండలో పెడితే డిస్టిల్డ్ వాటర్‌లో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 95 శాతం పోతోంది, చెరువు నీళ్లలో సగం కూడా పోవడం లేదు, పౌడర్ పాడైందా అని అడిగారు.

పౌడర్ పాడవలేదండీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాకూ ఇదే జరిగింది. యూరియాను మూత పెట్టిన క్రూసిబుల్‌లో 550 డిగ్రీల దగ్గర కాల్చి ఆ పసుపు పౌడర్ చేసుకునేదాన్ని. డిస్టిల్డ్ వాటర్‌లో చక్కగా పనిచేసింది. మా ఇంటి బోరు నీళ్లతో చేసిన రోజు మాత్రం గ్రాఫ్ దాదాపు కదల్లేదు. ఒకటే టెన్షన్. మూడు వారాలు పౌడర్‌నే అనుమానిస్తూ మళ్లీ మళ్లీ కాల్చాను. తేడా నీళ్లలో ఉంది.

వెలుతురు పడ్డప్పుడు పౌడర్ మీద పుట్టే రాడికల్స్ (దేనితోనైనా వెంటనే చర్య జరిపే చురుకైన కణాలు) మందును వెతుక్కుంటూ పోవు, ఎదురుపడ్డదాన్ని పట్టుకుంటాయి. బోరు నీళ్లలో మందు కంటే బైకార్బొనేట్ ఎన్నో రెట్లు ఎక్కువ. చెరువు నీళ్లలో ఆకులు కుళ్లి కరిగిన పదార్థం రాడికల్స్‌ను తినేయడమే కాదు, వెలుతురును కూడా అడ్డుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం బైకార్బొనేట్ ఒక్కటే కలిపి, పీహెచ్ మారకుండా చూసుకుని ప్రయోగం మళ్లీ చేయండి. వేగం పడిపోతే కారణం దొరికినట్టే. టైటానియం డయాక్సైడ్‌కు మారడం వల్ల ఈ ఇబ్బంది తీరదు. పైగా దానికి అతినీలలోహిత కాంతి కావాలి, ఎండలో అది నాలుగైదు శాతమే.

పౌడర్ వేయకుండా ఉత్త ఎండలో కూడా ఒక గ్లాసు పెట్టండి. సిప్రోఫ్లోక్సాసిన్ ఎండకు తనంతట తానే కొంత విరిగిపోతుంది, ఆ వాటాను పౌడర్ ఖాతాలో వేయకూడదు. పౌడర్‌కు ఊరికే అంటుకునే మందు లెక్క తేలడానికి, పౌడర్ కలిపాక అరగంట చీకట్లో ఉంచడం ఎలాగూ చేస్తూనే ఉంటారు.

అసలు నాకు బెంగ 95 శాతం అన్న మాటతోనే. 2007లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం శుద్ధి అయి బయటికొచ్చే చోట, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. అందులో 95 శాతం తీసేసినా ఒకటిన్నర మిల్లీగ్రాములు మిగులుతుంది. ల్యాబుల్లో పరీక్షకు వాడే మామూలు ఈ.కోలై బ్యాక్టీరియా పెరగకుండా ఆగడానికి లీటరుకు 0.015 మిల్లీగ్రాములు చాలు. అంటే మిగిలిందే దానికి వంద రెట్లు! ఆ నీళ్లలో బతికి బట్టకట్టేది మందుకు లొంగని బ్యాక్టీరియాయే.

ఇంకో సంగతి. చాలాసార్లు మందు అణువులో ముందు విరిగేది పిపరజీన్ వలయం అనే భాగం. బ్యాక్టీరియాను చంపే క్వినోలోన్ భాగం ఇంకా కొంతసేపు అలాగే ఉంటుంది. నీళ్లలో మందు ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గ్రాఫ్‌లో మందు శిఖరం దాదాపు మాయమైందని నేను సంబరపడ్డాను. మైక్రోబయాలజీ స్నేహితురాలు ఆ నీళ్లు కలిపిన బ్రాత్‌లో (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవంలో) ఈ.కోలై వేసి పెట్టింది. బ్యాక్టీరియా పెరిగితే మర్నాటికి మసకబారాలి. తేటగా ఉంది. వెలుతురులో ఉంచే సమయాన్ని రెట్టింపు చేశాకే మసకబారింది.

ముందు బైకార్బొనేట్ ప్రయోగం చేసి, పీహెచ్‌తో సహా ఫలితం ఇక్కడ రాయండి, చూద్దాం.