మాడ్యూల్ కాదు, ముందు కాయిల్ చూడండి

మీ పాత ట్రాక్టర్‌కు పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్ కరెంటును తెంచే మీటలు) తీసేసి, ఆ పని చేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టాక బండి పావుగంట బాగానే నడిచి ఆగిపోతోంది, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అవుతోంది అన్నారు. బ్యాటరీ 6 నుంచి 12 వోల్టులకు మార్చానన్నారు గానీ, స్పార్క్‌కు కావలసిన హై వోల్టేజి ఇచ్చే కాయిల్ మార్చిన మాటే లేదు. నా అనుమానం దానిమీదే.

కాయిల్ వైర్లు రెండూ ఊడదీసి, మల్టీమీటర్‌ను ప్లస్, మైనస్ బోల్టుల మధ్య పెట్టి ఓమ్స్ చూడండి. 1.5 దగ్గర చూపిస్తే అది పాత 6 వోల్టుల కాయిలే. 12 వోల్టుల మీద దాని గుండా 8 ఆంపియర్ల దాకా కరెంటు పోతుంది. కాయిల్, మాడ్యూల్ రెండూ కాలిపోయేంత వేడెక్కుతాయి. 3 ఓమ్స్ ఉన్న కాయిల్ వేస్తే కరెంటు 4 ఆంపియర్లకు దిగుతుంది. పాత కాయిలే ఉంచుకోవాలంటే దానికి వరసలో (సిరీస్‌లో) 1.5 ఓమ్స్ రెసిస్టర్ పెట్టండి. కాకపోతే మాడ్యూల్ పవర్ వైరు రెసిస్టర్‌కు ముందే, తాళం వైపు కలపాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను.

పాత ట్రాక్టర్లలో చాలావాటికి ప్లస్సే ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది. మీ మాడ్యూల్ దేనికి చేసిందో డబ్బా మీద చూసుకోండి, తిరగేసి కలిపితే క్షణంలో పోతుంది. ఇంజన్ ఆగాక తాళం ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లతో పాటు ఉండే పాత కండెన్సర్ ఇంకా ఉంటే పీకేయండి. పాయింట్లు మాత్రం దాచుకోండి, పొలం మధ్యలో అవసరం పడొచ్చు.