పరుగు మానేసి సైకిల్ తొక్కినా మోకాలి నొప్పి: ముందు సీటు చూడండి

తప్పు సైకిల్‌ది కాదు, సీటు ఎత్తుది అయ్యుండొచ్చు. పరుగెడితే మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని సైకిల్‌కు మారిన ఒకరు, రెండు వారాలకే మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలైందని, ఏం చేయాలని అడిగారు. సీటు మరీ కిందికి ఉంటే సరిగ్గా అక్కడే నొప్పి వస్తుంది. కాలు ఎక్కువ మడతపడి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది.

షాపులో రెండు పాదాలూ నేలకు ఆనేలా పెట్టి ఇస్తారు. మనకూ అదే ధైర్యం. నేనూ ఆర్నెల్లు అలాగే తొక్కాను!

1. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి.
2. పెడల్‌ను అడుగుకు తెచ్చి, దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా చాపుకోవాలి. వంగి ఉంటే సీటు పెంచండి.
3. తొక్కేది మాత్రం పాదం ముందు భాగంతోనే. అప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది, అంతే కావాలి.
4. నడుము అటూ ఇటూ ఊగినా, మోకాలి వెనక లాగినా ఎక్కువ పెంచినట్టు. కొంచెం దించండి.
5. బరువు గేరు వద్దు. నిమిషానికి 80 సార్లు పెడల్ తిరిగేంత తేలిక గేరు చాలు.

ఆగినప్పుడు సీటు మీంచి ముందుకు దిగి కాలు ఆనించాలి. మొదట్లో కాస్త టెన్షన్, తర్వాత అలవాటైపోతుంది.

పరుగును పూర్తిగా వదలకండి. ఎముకల బలానికి అది చేసే మేలు సైకిల్ అంతగా చేయదు. నొప్పి తగ్గాక వారంలో 3 రోజులు సైకిల్, 2 రోజులు నడక మధ్య మధ్య నిమిషం జాగింగ్.

వాపు వచ్చినా, మోకాలు పట్టేసినా ఎముకల డాక్టర్‌కు చూపించండి.