ఎఫ్‌ఎన్‌పీ (ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్) చేస్తే ఐసీయూలో పనికొస్తుందా?

ప్రశ్న: డాలస్‌లో గుండెజబ్బుల ఐసీయూలో నాలుగేళ్లుగా ఆర్‌ఎన్‌ (రిజిస్టర్డ్ నర్సు)గా చేస్తున్నాను. నర్స్ ప్రాక్టీషనర్ (రోగిని పరీక్షించి, మందులు రాసే నర్సు) కోర్సు చదివి ఐసీయూలోనే కొనసాగాలని ఉంది. తెలిసినవాళ్లంతా ‘ఫ్యామిలీ చెయ్యి, ఎక్కడైనా చెల్లుతుంది’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఐసీయూ మీద మనసుంటే ఫ్యామిలీ వద్దండి. అడల్ట్ జెరంటాలజీ అక్యూట్ కేర్ (పెద్దలు, వృద్ధుల్లో తీవ్ర అనారోగ్యం ఉన్నవారిని చూసే ఎన్‌పీ కోర్సు) చదవండి. ఎఫ్‌ఎన్‌పీ చేసినవారు పసిబిడ్డ నుంచి పండు ముసలి దాకా అందరినీ చూడొచ్చు. కానీ ఆ చదువంతా క్లినిక్‌కి వచ్చే బీపీ, షుగర్, టీకాలు, దగ్గుజ్వరాల చుట్టూ ఉంటుంది. వెంటిలేటర్ మార్పులు, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం), షాక్‌లో ఉన్న రోగికి మందులు అక్యూట్ కేర్‌లో నేర్పేవి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. ‘నాలుగేళ్ల ఐసీయూ అనుభవం ఉందిగా’ అంటే కుదరదు. అది ఆర్‌ఎన్ అనుభవం. ప్రాక్టీషనర్‌గా ఏం చేయవచ్చో మీరు చదివిన కోర్సు, దాని సర్టిఫికేషనే తేలుస్తాయి. టెక్సాస్ నర్సింగ్ బోర్డు కూడా ఉద్యోగంలో నేర్చుకున్నదాన్ని కొత్త స్పెషాలిటీ కింద లెక్కించదు. ఎఫ్‌ఎన్‌పీ చేశాక మారాలంటే పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చదవాలి. ఫార్మకాలజీ, పాథోఫిజియాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్ పేపర్లు సాధారణంగా మినహాయిస్తారు గానీ, కొత్త క్లినికల్ గంటలు, మళ్లీ పరీక్ష తప్పవు. ముందే సరైనది ఎంచుకుంటే ఆ ఖర్చంతా మిగులుతుంది.

ఫీజు కట్టేముందు కాలేజీని మూడు అడగండి. నర్సింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థలైన సీసీఎన్‌ఈ లేదా ఏసీఈఎన్ గుర్తింపు ఉందా? ఆన్‌లైన్ కోర్సయితే టెక్సాస్‌లో ఉండేవారిని చేర్చుకునే అనుమతి ఉందా? ప్రిసెప్టర్‌ని (ఆస్పత్రిలో దగ్గరుండి పని నేర్పేవారిని) వాళ్లే చూపిస్తారా? మూడోదాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకండి. వెతుక్కునే భారం విద్యార్థి మీద పడితే, ఎవరూ దొరక్క సెమిస్టర్లు వాయిదాపడతాయి. 2022 జాతీయ ప్రమాణాల ప్రకారం క్లినికల్ గంటలు కనీసం 750. వాటిలో ఐసీయూలో ఎన్ని గంటలో కూడా కనుక్కోండి.

రాత్రి డ్యూటీలు, వారాంతాలు మాత్రం వదలవు. పిల్లల రోగులను చూడలేరు. ఈ రెంటికీ ఇంట్లో అందరూ సరేనన్నాకే దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: నవజాత శిశువుల ఐసీయూలో చేరి ఆరు నెలలైంది. నియోనేటల్ ఎన్‌పీ (నవజాత శిశువుల నర్స్ ప్రాక్టీషనర్) కోర్సుకి ఇప్పుడే వెళ్లొచ్చా?

జవాబు: క్లినికల్ తరగతులు మొదలయ్యేలోగా మూడో లేదా నాలుగో స్థాయి (బాగా విషమంగా ఉన్న శిశువులను చూసే) ఎన్‌ఐసీయూలో, అంటే నవజాత శిశువుల ఐసీయూలో రెండేళ్ల అనుభవం ఉండాలన్నది ప్రమాణం. మీ యూనిట్ స్థాయి ఏదో ముందు హెచ్‌ఆర్‌ని అడగండి. రెండో స్థాయి అయితే యూనిట్ మారండి. కొన్ని కాలేజీలు ఈలోగా థియరీ చదవనిస్తాయి.